వాన లేని గీత

ఇప్పుడు వాన వస్తుందో రాదో చెప్పడానికి మీ అందరి జేబుల్లోనూ ఫోనుంది. మబ్బు ఎక్కడుందో, ఎటు కదులుతోందో రంగులద్ది మరీ చూపిస్తుంది. నాకు అసూయ లేదంటే అబద్ధం. మా రోజుల్లో ఈ పనంతటికీ కొండమీద ఒక చీకటి గది ఉండేది. అందులో గుండ్రటి గాజుతెర, దానిమీద గడియారం ముల్లులా తిరిగే పచ్చటి వెలుగు, పక్కన చల్లారిపోయిన టీ. ఆ వెలుగు తగిలిన చోట వానమబ్బుంటే తెరమీద మరకలా మెరిసేది. ఆ మరకని చూసి మేం నోరు విప్పితే కింద పోర్టులో పని ఆగిపోయేది. అందుకని నోరు విప్పే ముందు కాస్త తటపటాయించేవాళ్ళం.

నేను విశాఖపట్నంలో వాతావరణ హెచ్చరికలిచ్చే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. పిల్లలు కనబడితే తుపాన్ల కథలు చెప్పమంటారు. తుపాను పెళ్ళికొచ్చే మేనత్త లాంటిది. నాలుగు రోజుల ముందు కబురంపించి, సామానంతా మోసుకుని మరీ దిగుతుంది. నాకెప్పుడూ దానంటే అంత భయం లేదు. ఎండాకాలం సాయంత్రాలు కొండల మీంచి దిగొచ్చే ఈదురుగాలంటేనే భయం. అది కబురంపదు. వచ్చి, ఇల్లు పీకి పందిరేసి, అరగంటలో ఏమీ ఎరగనట్టు పోతుంది.

మేం చదువుకున్న పుస్తకాల్లో చల్లగాలి అంచు అంటే చలిదేశాల వ్యవహారం. వందల మైళ్ళ పొడవున చల్లగాలి వేడిగాలిని తోసుకుంటూ వస్తుంది, ఆ అంచు వెంట ఉరుములూ పెనుగాలులూ ఉంటాయి. మనకి అంత పెద్ద అంచులు రావు. కానీ చిన్నవి వస్తాయి. ఉరుముల మబ్బు కడుపులోంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి దిగి, బిందె బోర్లించిన నీళ్ళలా నేలమీద పరుచుకుంటుంది. దాని అంచు ఎక్కడికి చేరితే అక్కడ రేకులు లేస్తాయి. మబ్బు ఇంకా కొండల దగ్గరే ఉన్నా అంచు ఊళ్ళోకి వచ్చేస్తుంది. ఈ కథకి మీరు తెలుసుకోవాల్సిన శాస్త్రం ఇంతే.

మేం ఫోన్ చేస్తే పోర్టులో సైరన్ మోగేది. బొగ్గు దించే బెర్తులో పట్టాలమీద నడిచే పెద్ద పెద్ద క్రేన్లుండేవి. సైరన్ వినగానే పైన క్యాబిన్లలో ఉన్న డ్రైవర్లు నిచ్చెనలు దిగిపోవాలి, కింద ఉన్నవాళ్ళు క్రేను చక్రాలని పట్టాకి క్లాంపులతో బిగించాలి. బిగించకపోతే గాలికి క్రేను దానంతటదే నడుస్తుందని అందరూ అనేవాళ్ళు. నడవగా చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. చిన్నప్పుడు బూచాడి గురించి విన్నట్టే విని ఊరుకునేవాళ్ళం.

అలాంటి ఒక క్రేనుకి మా ఆయన డ్రైవరు. వాళ్ళది కొండల పక్క పద్మనాభం ఊరవతల వ్యవసాయం చేసుకునే కుటుంబం. మాది గోదావరి జిల్లా. స్టీలుప్లాంటు ఉద్యోగం కోసం మా నాన్న ఇటొచ్చి స్థిరపడ్డారు. సంబంధం చూసిన పెద్దమనిషి, ఆకాశం చూసే పిల్లా ఆకాశంలో కూర్చునే పిల్లాడూ ఈడూజోడూ అన్నాడట. ఆయనకేం, భోంచేసి వెళ్ళిపోయాడు. తర్వాత పడినవాళ్ళం మేం.

ఎందుకంటే నేను ఫోన్ చేసిన ప్రతిసారీ క్రేను దిగే వాళ్ళలో నా మొగుడొకడు. హెచ్చరిక నిజమైతే ఎవరూ ఏమీ అనరు. గాలి రాకపోతేనే తంటా. ఆ వేసవి మొదట్లో వరసగా రెండు సాయంత్రాలు నేను సైరన్ మోగించాను, కొబ్బరాకు కూడా కదల్లేదు. మా ఆయనకి జతగా, అవసరమైతే ఆయన క్రేనెక్కడానికి, స్పేర్ డ్రైవరొకతను ఉండేవాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. వరస కలవకపోయినా నన్ను వదినా అనేవాడు. ఒక ఆదివారం మా ఇంట్లో చేపల పులుసు తింటూ నవ్వుతూ చెప్పాడు.

"మావోళ్ళు ఏటంటన్నారో ఎరికేనా వదినా? ఈడికి నిద్దరొస్తే ఆవిడికి మబ్బు కనపడతాదంట."

నేనూ నవ్వాను. కానీ ఒళ్ళు మండిపోయింది. మా ఆయన మాత్రం తలెత్తకుండా ముల్లు తీసుకుంటూ కూర్చున్నాడు. ఆ రాత్రే ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం, ఇంట్లో మబ్బు మాట ఎత్తకూడదని. ఆయన డ్యూటీ సంగతి నేనడగను, నా డ్యూటీ సంగతి ఆయన అడగడు. ఉద్యోగాలు వేరు, కాపురం వేరు.

మా ఆఫీసరుగారు కృష్ణా జిల్లా మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డవారు. జేబులో సోంపు పొట్లం లేకుండా ఎప్పుడూ చూడలేదు. ఎవరినీ ఒక్క మాట అనేవారు కాదు. పోర్టువాళ్ళు ఆయనకి ఫోన్ చేసి నా మీద ఏం చెప్పారో గానీ, నా దగ్గరకొచ్చి కాసిని సోంపు గింజలు చేతిలో పోసి, ఈసారి కాస్త చూసి చెబుదాం అమ్మాయ్ అన్నారు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

ఇక ఆ రోజు సంగతి. ఏప్రిల్. పొద్దున్నుంచీ కాళ్ళు కాలిపోయే ఎండ. మామూలుగా మధ్యాహ్నానికి సముద్రం మీంచి గాలి తిరగాలి. తిరిగింది, కాసేపు వీచింది, తర్వాత ఎవరో తలుపు మూసినట్టు ఆగిపోయింది. కొండ చుట్టూ ఎప్పుడూ తిరిగే గద్దలు కనిపించలేదు. వాచ్‌మన్ రేడియోలో పాట మధ్య చిటపటలు మొదలయ్యాయి. వాయవ్యాన కొండల వెనక మబ్బు తెల్లగా లేచి, పైన చదునుగా విచ్చుకుని, అడుగున నల్లబడింది. రాడార్ తెరమీద మరక పెద్దదై ఇటే వస్తోంది. ఆఫీసరుగారికి చూపించాను. ఆయనే హెచ్చరికకి సరేనన్నారు. కిందనుంచి సైరన్ వినబడింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. సైరన్ మోగిన కాసేపటికి తెరమీద మరక సన్నబడటం మొదలైంది. నిప్పుమీద నీళ్ళు చల్లినట్టు చూస్తుండగానే మబ్బు చచ్చిపోతోంది. మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉండేది, తెరమీద మబ్బు పోతే హెచ్చరిక తీసెయ్యడం. చచ్చిన పాము కరవదు కదా అన్నది మా లెక్క. ఆఫీసరుగారు ఊపిరి పీల్చుకున్నారు. సరిగ్గా అప్పుడే పోర్టు కంట్రోలు రూము నుంచి ఫోను. ఓడలో సరుకు దించడం ఆగిపోయింది, మా వాళ్ళు క్రేన్లెక్కొచ్చా అని.

"దాదాపు తగ్గినట్టే. ఒక్క నిమిషంలో చెబుతాం" అన్నారాయన.

ఆ దాదాపు అన్న మాటే కొంప ముంచబోయింది. ఫోనులో అవతలివాడికి తగ్గినట్టే అన్నదొక్కటే వినబడుతుంది. ఇది మీరు రాసిపెట్టుకోండి.

నేను హెచ్చరిక ఎత్తేసే మాట చెప్పడానికి రిసీవరు అందుకోబోతుంటే చీకటిగదిలోంచి రాడార్ ఆపరేటరు పిలిచాడు. ఆనందపురం మనిషి, నాకంటే చిన్నవాడు, పెద్దగా మాట్లాడడు. గొంతు తేడాగా ఉంది.

"మేడమ్, ఓపాలి ఇలగ రండి. దారం కనపడతన్నాది."

చచ్చిపోతున్న మరకకి ఇవతల, ఖాళీగా ఉండాల్సిన చోట, ఒక సన్నటి గీత. వంపుగా, వెంట్రుక మందాన. వెలుగు ఒక చుట్టు తిరిగింది, గీత కాస్త ఇటు జరిగింది. ఇంకో చుట్టు, ఇంకాస్త ఇటు. అందులో వాన లేదు. వాన లేనిచోట రాడార్‌కి ఏమీ కనబడకూడదు. మా పాతవాళ్ళు అలాంటిది కనిపిస్తే మెషిను జబ్బు అని కొట్టిపారేసేవాళ్ళు. నేను ఒక్కసారి ఎక్కడో చదివాను. చల్లగాలి అంచు దుమ్మునీ పురుగుల్నీ పిట్టల్నీ కలిపి ఊడ్చుకుంటూ వస్తే అది గీతలా కనబడుతుందట. అంటే మబ్బు చావడం లేదు. కడుపులో ఉన్నదంతా కిందికి కక్కేస్తోంది. కక్కినదే ఆ గీత.

చదివిందానికీ చూసిందానికీ చాలా దూరం. ఆ చీకట్లో ఆ గీత చప్పుడు లేకుండా మా వైపు పాకుతుంటే నేను మళ్ళీ ఫోను దగ్గరికి పరుగెత్తాను.

మాకు ఇంకో పద్ధతి ఉండేది, ఏ పుస్తకంలోనూ లేనిది. ఆపరేటరు తన చుట్టాల ద్వారా దారి పొడుగునా ఎస్టీడీ బూతుల నంబర్లు సంపాదించి పెట్టాడు. అనుమానం వస్తే వాళ్ళకి ఫోన్ చేసి, బయటికెళ్ళి చూడవయ్యా అని అడిగేవాళ్ళం. మబ్బుకి దగ్గర్లోని పద్మనాభం బూతుకి చేశాను. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. దానికి ఇవతల ఆనందపురం జంక్షన్ బూతుకి చేశాను. బూతు నడిపేవాడు ఎత్తాడు.

"గాలా? ఆకు కదలట్నేదండి. ఇందాకా మా కొట్టుముందు సిత్తుకాయితాలు కొండల ఏపు పాకతా ఎల్లినాయి. ఇప్పుడు ఎక్కడియక్కడ ఆగిపోనాయి."

మాట్లాడుతూ ఉండమన్నాను. అతను బయటికి తొంగిచూసినట్టున్నాడు.

"కుక్కలన్నీ రోడ్డు మజ్జిన నిలబడీసి పద్మనాభం ఏపు సూత్తన్నాయి మేడమ్. ఒక్కటీ అరవట్నేదు."

తర్వాత అతని మాట వినబడలేదు. లైను తెగలేదు, రిసీవరు ఎక్కడో వేలాడుతున్నట్టుంది. అవతల ఎక్కడో దూరంగా రేకు షట్టరు కొట్టుకోవడం, ఆ చప్పుడు దగ్గరవడం, ఇంకేదో ఒకటే మోత. ఆ తర్వాత లైను పోయింది. పేరు తెలియని మనిషి చెవి దగ్గర అలా మాయమైపోతే ఎలా ఉంటుందో చెప్పలేను. (తర్వాత కనుక్కున్నాం. బల్లకింద దూరాడు, బతికాడు.)

నేను పరుగున వచ్చి, హెచ్చరిక ఎత్తకండి సార్, ఎవరినీ ఎక్కనివ్వకండి అన్నాను. ఆఫీసరుగారు తెర చూశారు. గీత ఆయనకీ కనబడింది, కానీ మెషిను జబ్బు అన్న మాట ఆయన మనసులో ఎన్నేళ్ళుగానో పాతుకుపోయి ఉంది. పైగా రెండుసార్లు నవ్వులపాలయ్యాం. ఆయన నన్ను పక్కకి పిలిచారు. కోపంగా కాదు, చాలా మెల్లగా అడిగారు.

"అమ్మాయ్, తప్పుగా అనుకోకు. ఇప్పుడు మాట్లాడుతున్నది నువ్వా, నీ మెళ్ళో తాళా?"

మీలో ఎవరైనా ఆడపిల్లలు ఈ ఉద్యోగంలో ఉంటే ఈ ప్రశ్న ఏ రూపంలోనో ఎదురయ్యే ఉంటుంది. నాకు మండిపోవాలి. మండలేదు, భయమేసింది. ఎందుకంటే జవాబు నాకే తెలీదు. గీతని చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది పోర్టు కాదు, నాలుగో నంబరు క్రేను. మా ఆయన క్రేను. అది నిజం. నిజం చెబితే ఆయన హెచ్చరిక ఎత్తేస్తారు. చెప్పకపోతే ఆ గీత ఎంతసేపు ఆగుతుంది?

"మా ఆయన ఇవాళ క్రేనెక్కలేదు సార్. సెలవు పెట్టాడు" అన్నాను.

పచ్చి అబద్ధం. పొద్దున్నే క్యారేజీ కట్టిచ్చి పంపింది నేనే. ఆ అబద్ధానికి అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. ఆఫీసరుగారి మొహంలో ఏదో ముడి విడిపోయింది. వెంటనే పోర్టుకి ఫోన్ చేశారు. అవతలనుంచి జవాబు విని ఆయన మొహం పాలిపోయింది. తగ్గినట్టే అన్నారుగా, కొందరు ఎక్కేశారు, క్లాంపులు విప్పేశారు అన్నారట. దింపండి, తక్షణం దింపండి అని ఆయన అరవడం నేను మొదటిసారి విన్నాను. కింద సైరన్ మళ్ళీ మొదలైంది.

ఆ సైరన్ ఇంకా మోగుతుండగానే మా కొండకి చలి తగిలింది. ఏప్రిల్ ఎండలో చలి. ఒక్క చుక్క వాన లేదు, కానీ ఎక్కడో తడిసిన మట్టి వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. ఉత్తరాన మధురవాడ వైపు చూస్తే ఊరు లేదు. ఎర్రటి గోడ ఒకటి నేలనుంచి లేచి నడిచొస్తోంది. మరుక్షణం కిటికీ అద్దాలమీద ఎవరో పిడికెళ్ళతో ఇసక కొట్టినట్టు చప్పుడు. ఇసక కాదు. తూనీగలు, రెక్కల పురుగులు, పేరు తెలియని వేలాది ప్రాణాలు. తెరమీద చూసిన గీత వచ్చి మా అద్దానికి అంటుకుంది. గాలి వేగం చూపించే ముల్లు కొట్టుకుని కొట్టుకుని అంచుకి చేరింది. పట్టపగలు దీపాలు వేసుకున్నాం.

అప్పుడు మోగింది ఫోను. పోర్టు కంట్రోలు రూము.

"క్రేను ఎల్లిపోతన్నాదండి. దానంతటదే నడిసెల్లిపోతన్నాది. క్యాబిన్లో దీపం ఎలుగుతన్నాది."

ఏ క్రేను అని అడిగాను. నాలుగోదన్నాడు. తర్వాత ఫోను పోయింది.

రిసీవరు పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా మొహం చూసి ఆఫీసరుగారు నీళ్ళగ్లాసు తెచ్చిచ్చారు. పాపం, మంచి మనిషి. ధైర్యం చెప్పడానికి ఆయనకి దొరికింది ఒక్కటే మాట.

"ఊరుకో అమ్మాయ్. నయం, మీ ఆయన ఇవాళ సెలవులో ఉన్నాడు."

నేను తల ఊపాను. ఇంకేం చెయ్యను? నేను కట్టిన గోడే నాకు అడ్డం. ఆ పది నిమిషాలో పదిహేను నిమిషాలో, ఎంతసేపో నాకు తెలీదు. క్యాబిన్లో దీపం వెలుగుతూ మనిషి ఉన్నాడో లేడో తెలియని ఇనుప కొండ ఒకటి దుమ్ములో సముద్రం వెంట నడిచిపోవడం కళ్ళముందు ఆడుతూనే ఉంది. ఏడవడానికి కూడా వీల్లేదు. సెలవులో ఉన్న మొగుడి కోసం ఎవరేడుస్తారు?

గాలి ఎలా వచ్చిందో అలాగే పోయింది. అంతా పసుపుపచ్చటి వెలుగు, చెట్లమీద ఒక్క పిట్ట లేదు. రాడార్ ఆపరేటరు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నాది అబద్ధమని అతనికి తెలుసు. పొద్దున డ్యూటీకొస్తూ మా ఆయన్ని పోర్టు గేటు దగ్గర చూసి చెయ్యూపి వచ్చినవాడు. అంతసేపూ ఒక్క మాట బయటపెట్టలేదు. పదండి మేడమ్ అని స్కూటరు తాళాలు తీశాడు. ఆఫీసరుగారికి ఏం చెప్పాడో నాకు తెలీదు.

దారంతా పడిపోయిన కొమ్మలు, హోర్డింగులు. పోర్టు గేటు దగ్గర ఎవరూ ఆపలేదు, అందరూ బెర్తు వైపే చూస్తున్నారు. పట్టాల చివర ఆపుదిమ్మని గుద్దుకుని నాలుగో నంబరు క్రేను నీళ్ళమీదికి ఒరిగిపోయి ఉంది. క్యాబిన్ సగం నలిగిపోయింది. మిగిలిన సగంలో దీపం ఇంకా వెలుగుతోంది. దానికింద గుంపు.

గుంపులోంచి మా ఆయన వచ్చాడు. నెత్తినుంచి పాదాల దాకా బొగ్గు, కళ్ళు తప్ప ఇంకేమీ కనబడటం లేదు. చొక్కా వీపు మీద నిలువునా చిరిగిపోయి ఉంది. ఆయన చెయ్యి పట్టుకున్నాను. అందరిముందూ అలా పట్టుకోవడం అదే మొదలు, అదే చివర.

"నాను పైకెక్కనేదు" అన్నాడు. "కిందే ఉన్నాను, క్లాంపుల కాడ. పైన బావ ఉన్నాడు."

ఆ స్పేర్ డ్రైవరు బావ ఓ ఇనుపదిమ్మ మీద కూర్చుని ఉన్నాడు. రెండో సైరన్ విని నిచ్చెన దిగీ దిగకముందే క్రేను కదిలిందట. మా ఆయన క్లాంపు మళ్ళీ బిగించాలని చక్రం దగ్గరికి పరుగెత్తితే, అతనే చొక్కా పట్టి వెనక్కి లాగాడు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"దీపం ఆర్పడం మర్సిపోనాను వదినా" అన్నాడు, అదేదో పెద్ద నేరమన్నట్టు. రెండో సైరన్ మోగకపోతే తానే ఆ దీపం పక్కన ఉండేవాడినన్న సంగతి అతనికి ఇంకా తట్టలేదు.

ఇంటికి నడిచే దారిలో అడిగాను, నీ క్రేను అతనికెందుకిచ్చావని. మబ్బు మాట ఎత్తకూడదన్న ఒప్పందం ఉంది కదా, ఆయన మాట అంటే మాటే. కాలనీ మలుపు తిరిగాక చెప్పాడు.

"నువ్వు డూటీలో ఉన్న రోజుల్లో నాను క్రేనెక్కడం మానీసినాను. ఆ సేపలకూర తిన్న కాణ్ణించే. బావ పైకెల్తాడు, నాను కింద సేత్తాను. రేపెప్పుడో నువ్వు గట్టిగా సెప్పాల్సొస్తాది. అప్పుడు మొగుడి కోసం సెప్తన్నాదని నిన్నెవులూ అనకూడదు."

నేను అక్కడే రోడ్డుమీద ఆగిపోయాను. నేను ఆఫీసులో నోరు తెరవకముందే, ఆ అబద్ధాన్ని ఆయన నిజం చేసి పెట్టి ఉంచాడు. సెలవొక్కటే కల్పన. ఆ అబద్ధం సంగతి ఆ రాత్రి ఆయనకి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. బావ బతికాడు కదా అని అటు తిరిగి పడుకున్నాడు.

ఆఫీసరుగారు ఆ తర్వాత చచ్చిన మబ్బుని చూసి హెచ్చరిక తియ్యలేదు, ఎవరినీ తియ్యనివ్వలేదు. తాళి ప్రశ్న కూడా మళ్ళీ ఎవరినీ అడిగినట్టు నేను వినలేదు. ఆయన వీడ్కోలు సభలో సోంపు పొట్లం మొత్తం నా చేతిలో పెట్టి, మీ ఆయన సెలవుకి నేను రుణపడి ఉన్నానమ్మాయ్ అన్నారు. తెలిసి అన్నారో తెలియక అన్నారో నేనడగలేదు.

మా ఆయన కూడా రిటైరయ్యాడు. ఇప్పుడు వేసవి సాయంత్రాలు ఇద్దరం వరండాలో కూర్చుంటాం. ఒక్కోరోజు సముద్రంగాలి వీస్తూ వీస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. నేను ఫోను తీసి మబ్బు చూస్తాను. ఆయన ఏమీ చూడడు. లేచి, ఇల్లంతా తిరిగి, ఒక్కో గదిలో దీపం ఆర్పేసి వచ్చి నా పక్కన కూర్చుంటాడు.